అబ్లేషన్ అయినాక మళ్లా దడ వస్తే? మాత్ర మానొద్దు, ఈసీజీ తీయించండి

మా కంబదూరు దిక్కు గుండె జబ్బంటే గుండెపోటు ఒకటే అనుకుంటారు. గుండె లయ తప్పేదీ జబ్బే. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అట్లాంటిదే. గుండె పైగదులు సరిగ్గా కొట్టుకోకుండా వణుకుతా ఉంటాయి. రక్తం అక్కడ నిలిచి గడ్డ కట్టొచ్చు. ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతమే.

మా చిన్నాయనకు బెంగళూరులో అబ్లేషన్ చేసినారు. ఇంటికొచ్చిన పదో దినమే మళ్లా దడ. "దుడ్డు పాయె, జబ్బు పోల్యా, ఇంగ మాత్రలెందుకు" అన్న్యాడు. ఈ మాట అనేటోళ్లు శానామంది ఉంటారు. అందుకే రాస్తాండా.

ఊపిరితిత్తుల నుంచి గుండెకు వచ్చే రక్తనాళాల్లోనే ఈ తప్పుడు కరెంటు ఎక్కువగా పుడుతుందని 1998లో ఫ్రాన్సులోని బోర్డో డాక్టర్లు చూపించినారు. అబ్లేషన్‌లో తొడ దగ్గర నరం గుండా సన్నని తీగ పంపి, ఆ నాళాల చుట్టూ కాలుస్తారు. కాలిన మచ్చ చేనుకు గట్టు మాదిరి కరెంటును ఆపుతుంది.

కాలిన చోటు మానేదానికి టైం పడుతుంది. అందుకే మొదటి రెండు మూడు నెలల్లో దడ వచ్చినా ఆపరేషన్ చెడిపోయిందని డాక్టర్లు తేల్చరు. ఆ తర్వాత కూడా వస్తే గట్టుకు గండి ఉందేమో చూస్తారు. కొందరికి మళ్లా చేయాల్సి వస్తుంది. కొందరికి మచ్చ చుట్టూ కరెంటు గానుగెద్దు మాదిరి తిరిగి గుండె పరుగెత్తుతుంది. ఇంకొందరికి నాడి మరీ మెల్లగై కండ్లు తిరుగుతాయి.

ఏది ఏదో తేల్చేది ఈసీజీనే. దడ తగ్గినాక బెంగళూరు పోతే అది కాగితంలో కనపడకపోవచ్చు. దడ ఉన్నప్పుడే దగ్గర్లో ఈసీజీ తీయించి, ఫోటో కొట్టి, అబ్లేషన్ చేసిన డాక్టరుకు పంపండి. ఊర్లో ముసలోళ్లకు ఈ పని చేసిపెట్టాల్సింది ఫోను చేతిలో ఉన్న మనమే.

రక్తం పలచన చేసే మాత్ర దడ లేకున్నా కనీసం రెండు మూడు నెలలు వాడాల. ఆ తర్వాత ఆపేది, ఆపనిది వయసు, బీపీ, షుగరు, ముందు పక్షవాతం వచ్చిందా అనేవి చూసి డాక్టరే చెప్పాల. దడ పోయింది కదా అని మనంతట మనం మానకూడదు.

సొమ్మసిల్లినా, ఎదనొప్పి, ఆయాసం వచ్చినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. రెండు నెలల లోపల జ్వరం, మింగేటప్పుడు నొప్పి వస్తే జ్వరం మాత్ర వేసి పండబెట్టొద్దు. గుండెకూ అన్నం దిగే గొట్టానికీ మధ్య రంధ్రం పడి ఉండొచ్చు. శానా అరుదు, అయితే ప్రాణం తీస్తుంది. ఏ ఆసుపత్రికి పోయినా "అబ్లేషన్ అయింది" అనేదే మొదటి మాటగా చెప్పండి.