బొంత వెనక గుడ్డకు మార్జిన్ ఎంత వదలాలి?

2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు, దాన్నిబట్టి ఆలోచించండి. నీళ్లు తీశాక మా చుట్టాల ఇంట్లో తడిసిన బొంతలు ఉతికి తీగ మీద వేస్తుంటే, ఒకటి వెనకవైపు నడిమి కుట్టు దగ్గర నిలువునా విడిపోయింది. దారం తెగలేదు. దారం పక్కన గుడ్డే పోగులు పోగులుగా జారిపోయింది. అది నానీమా చీరలతో కుట్టిన బొంత. ఆమె ఇప్పుడు లేరు. మళ్లీ కుడదామంటే పట్టుకోవడానికి అక్కడ గుడ్డే మిగల్లేదు.

పొరపాటు మార్జిన్‌లో జరిగింది. పైన వేసే చిన్న ముక్కలకు పావు అంగుళం వదిలితే చాలు. కుట్లు చాలా ఉంటాయి, బరువు అన్నిటి మీదా పడుతుంది. వెనక అలా కాదు. రెండు పెద్ద గుడ్డలు, మధ్యలో ఒకే పొడవాటి కుట్టు. తడి బొంతను ఇద్దరు చెరోవైపు పట్టుకుని పిండితే ఆ లాగుడంతా దాని మీదే. అందుకే వెనక గుడ్డకు అర అంగుళం తప్పనిసరి. బాగా వాడి మెత్తబడిన చీర అయితే ఒక అంగుళం.

మరి ఎప్పుడూ అంగుళమే వదిలేస్తే పోదా? ఇక్కడే లెక్క ఉంది. కామర్స్ చదివినవాళ్లకు లెక్కలంటే కొంచెం పిచ్చి, ఓపిక పట్టండి. ఒక కుట్టు అంటే రెండు అంచులు. అర అంగుళం వదిలితే పోయేది అర కాదు, అంగుళం. పై గుడ్డ వెడల్పు 84 అంగుళాలు అనుకుందాం. కుట్టేటప్పుడు గుడ్డ ముడుచుకుంటుంది కాబట్టి వెనకది అటు రెండు, ఇటు రెండు ఎక్కువ, అంటే 88 కావాలి. చీర చివరి గట్టి నేత పట్టీ తీసేస్తే వెడల్పు 45 మిగిలిందనుకోండి. ఆ పట్టీ కుట్టులో ఉంటే గుడ్డ ఒకలా, అది ఒకలా కుంచించుకుని ముడతలొస్తాయి. రెండు వెడల్పులు 90. మధ్యలో ఒకే కుట్టు, అంగుళం మార్జిన్: సరిగ్గా 88.

కానీ బొంత మడతపెట్టేది సగానికే. కుట్టు కూడా అక్కడే ఉంటే త్వరగా అరుగుతుంది. నిండు వెడల్పు మధ్యలో పెట్టి, రెండోదాన్ని నిలువునా చీల్చి చెరోపక్క వేయొచ్చు. అప్పుడు కుట్లు రెండు. అర అంగుళంతో 88 వస్తుంది, అంగుళంతో 86కి పడిపోతుంది. కాబట్టి గుడ్డ గట్టిగా ఉంటే మూడు ముక్కలు, నీరసంగా ఉంటే రెండే ముక్కలు, అంగుళం మార్జిన్. నేనైతే ఇలాగే చేస్తాను.

మిషన్ కుట్టు అయితే మార్జిన్‌ను రెండు వైపులా విప్పి ఇస్త్రీ చేయండి, చదునుగా పడుకుంటుంది. చేత్తో కుడితే బఖియా వేసి, మార్జిన్ రెండూ ఒకే పక్కకు మడవండి. విప్పితే సందులో దారం బయటపడి తెగుతుంది. కాకపోతే అక్కడ పొరలు పెరిగి సూది దిగడం కష్టం. కొత్త కాటన్ గుడ్డ కొంటే మాత్రం ముందు ఉతికి, ఆరాకే కొలవండి.

నానీమా బొంతకు చిరిగినచోట రెండు పక్కలా గట్టి గుడ్డ దొరికేదాకా వెడల్పున్న పట్టీ పైన వేసి, చుట్టూ తుర్పాయి చేశారు. పట్టీ ఖాలా పాత దుపట్టాది. రంగు కలవలేదు.