కెమెరా దిగని బాయి

మా పెద్దబాపు ఇంట్లో ముందటి అర్ర గోడకు మూడు ఫొటోలున్నాయి. ఒకటి పెండ్లినాటిది. ఇంకొకటి కొలువు దొరికిన కొత్తలో గోదావరిఖనిలో ఓ స్టూడియోకు పోయి, కొబ్బరిచెట్లు గీసిన తెర ముందు నిలబడి, గుండీలు మెడదాకా పెట్టుకుని దిగింది. మూడోది కొలువు దిగిపోయిన రోజుది. మెడలో బంతిపూల దండ, భుజాన శాలువా, పక్కన పెద్దమ్మ. ఈ రెండో ఫొటోకూ మూడో ఫొటోకూ మధ్య ముప్పై ఏండ్లకు పైనే ఉంది. ఆ ఏండ్లన్నీ ఆయన బొగ్గుబాయిలో, భూమి లోపలే పనిచేశాడు. ఆ పనికి సంబంధించి ఒక్క ఫొటో లేదు.

“లోపలిది ఒక్కటన్నా లేదా పెద్దబాపూ?” అని అడిగాను.

“బాయిలకు కెమెరా ఎవరు పోనిస్తరు బిడ్డా” అన్నాడు.

నిజమే, పోనియ్యరు. బాయి మీద మస్టరు పడ్డాక, లాంప్ రూంలో లైటు తీసుకుని లోపలికి దిగేముందు జేబులు తడుముతారు. బీడీ, అగ్గిపెట్టె, సెల్‌ఫోను ఏదున్నా పైనే వదలాలి. బొగ్గుపొరల్లోంచి మీథేన్ వస్తుంది. దానికి ఒక్క నిప్పురవ్వ చాలు. మామూలు కెమెరా, దాని ఫ్లాష్ లోపలికి తీసుకుపోయే వస్తువులు కావు. నిప్పు పుట్టదని ధ్రువీకరించిన పరికరాలనే దింపుతారు. నియమం మంచిదే, ప్రాణాలు కాపాడేదే. కానీ దానివల్ల ఇంకొకటి కూడా జరిగింది. లక్షలమంది చెమటోడ్చిన చోటికి బొమ్మ లేకుండా పోయింది. ఉన్న కాసిన్ని ఫొటోలూ అనుమతులతో తీసినవి. హెల్మెట్లు సర్దుకుని, వరుసగా నిలబడి దిగినవి.

వరంగల్ భరత్ భూషణ్ 2022 జనవరిలో కన్నుమూసేదాకా తెలంగాణ పల్లె గడపలనూ బతుకమ్మలనూ మనుషుల ముఖాలనూ ఫొటోలు తీస్తూనే ఉన్నారు. పల్లెకు అలాంటి కన్ను దొరికింది. బాయి లోపలికి అలా ఏండ్ల తరబడి కెమెరా పట్టుకు తిరిగే వీలే లేదు. కెమెరా దిగని చోటును ఇక చెయ్యే గీయాలి. అదీ లోపల పనిచేసిన చెయ్యి.

ఆ పని ఇప్పుడే చెయ్యాలి, ఎందుకంటే ఆ చేతులు తగ్గిపోతున్నాయి. 1889లో ఇల్లెందు దగ్గర బొగ్గు తీయడంతో మొదలైన సింగరేణి కంపెనీ, 1960లలో గోదావరి ఒడ్డున బాయిలు తెరిచి గోదావరిఖనిని ఊరుగా నిలబెట్టింది. 1990ల మొదట్లో కంపెనీలో కార్మికులు లక్ష దాటారు. ఇప్పుడు ఆ లెక్క నలభై వేల దరిదాపులకు వచ్చింది. 2023–24లో తీసిన బొగ్గు ఏడు కోట్ల టన్నులు. అందులో సింహభాగం ఓపెన్‌కాస్టులదే. తట్టా చెమ్మస్ (పార) పట్టి పేల్చిన బొగ్గును టబ్బుల్లోకి ఎత్తిన కోల్ ఫిల్లర్ పనిని బొగ్గెత్తే ఎస్‌డీఎల్ యంత్రాలు మింగేశాయి. ఇంకో పదిహేనేండ్లు పోతే తట్ట ఎట్లా పట్టుకునేవారో చేసి చూపించే మనిషి దొరకడు.

జపాన్‌లో ఒకాయన ఈ మాటే అనుకున్నాడు. పేరు సకుబే యమమోతో. క్యూషు దీవిలోని చికుహో బొగ్గుప్రాంతంలో 1892లో పుట్టాడు. బడికి పోవాల్సిన వయసులోనే తల్లిదండ్రుల వెంట గనిలోకి దిగాడు, దాదాపు యాభై ఏండ్లు అక్కడే బతికాడు. అరవై దాటాక ఓ గనిలో రాత్రి కాపలా పనిలో ఉండగా కుంచె పట్టాడు. చిత్రకళ నేర్చుకున్నవాడు కాదు. ఆ బతుకెట్లా ఉండేదో తన మనవలకు తెలియాలన్నదే ఆయన కోరిక. మొదట నల్లసిరాతో, తర్వాత నీటిరంగులతో, 1984లో పోయేదాకా వేస్తూనే ఉన్నాడు. వెయ్యికి పైగా బొమ్మలు.

ఆ బొమ్మల్లో ఒక తీరుది చూడండి. పొర ఎత్తు నడుము లోతు కూడా లేదు. మగమనిషి ఒక పక్కకు ఒరిగి పడుకుని, మోచెయ్యి నేలకు ఆనించి పికాసు ఆడిస్తున్నాడు. వెనుక అతని భార్య నడుము పైన బట్ట లేకుండా, మోకాళ్ల మీద పాకుతూ బొగ్గుతట్టను లాగుతోంది. మిణుకుమనే నూనెదీపం తప్ప వేరే వెలుతురు లేదు. ఒంటిమీద పచ్చబొట్టు గీతలు కూడా వదలకుండా వేశాడు. బొమ్మ చుట్టూ మిగిలిన తెల్లకాగితం నిండా రాతే. కూలి ఎంత, బియ్యం ధర ఎంత, ఏ పనిముట్టును ఏమంటారు, పనిలో ఏ పాట పాడేవారు, గనిలో ఏ నమ్మకాలుండేవి, అన్నీ రాశాడు. నీడలు సరిగ్గా పడ్డాయా అని ఆ బొమ్మను ఎవరూ అడగరు. ఆ వేళ్లు పికాసును పట్టుకున్న తీరులోనే తెలిసిపోతుంది, వేసినవాడు దాన్ని పట్టినవాడని. తగావా పట్టణంలోని బొగ్గు మ్యూజియంలో ఉన్న ఆ బొమ్మలను, డైరీలను 2011లో యునెస్కో ‘ప్రపంచ స్మృతి’ జాబితాలోకి తీసుకుంది. జపాన్ నుంచి ఆ జాబితాకెక్కిన మొట్టమొదటివి ఇవే. ఏలినవాళ్ల రాతల కన్నా ముందు ఒక బొగ్గుకార్మికుడి కాగితాలు ఎక్కాయి.

ఇంగ్లండ్‌లో యాషింగ్టన్ అనే బొగ్గూరుంది. 1934లో అక్కడి కార్మికులు కొందరు కళ గురించి తెలుసుకుందామని సాయంత్రం తరగతి పెట్టించుకున్నారు. రాబర్ట్ లయన్ అనే అధ్యాపకుడు వచ్చి పాత మహాచిత్రకారుల బొమ్మలు చూపించాడు. వాళ్లకు ఎక్కలేదు. అయితే మీరే వేయండి అన్నాడు. గుడిసెలాంటి చిన్న షెడ్డులో చేరి, తాము చేసే పనినే వేశారు. యాషింగ్టన్ గని 1988లో మూతపడింది. బొమ్మలు మాత్రం పక్కనే వుడ్‌హార్న్ గని మ్యూజియంలో ఉన్నాయి.

అంత దూరం ఎందుకు, రాష్ట్రం సరిహద్దు దాటితే చాలు. 1956 దాకా మన ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండి, తర్వాత మరాఠీ నేలకు పోయిన రాజూరా తాలూకాలో సాస్తి అనే గనుల ఊరుంది. ప్రభాకర్ పాచ్‌పుతే అక్కడ 1986లో పుట్టాడు. కుటుంబం బొగ్గుగనులతో బతికింది. అతను బరోడాలో కళ చదివి, కట్టెబొగ్గుతో గోడల నిండా బొమ్మలు గీస్తాడు. అతని మనుషులకు తల ఉండాల్సిన చోట లైటో, యంత్రమో, ఇల్లో ఉంటుంది. బొగ్గుగనులకు పేరుపడ్డ వేల్స్‌లో ఇచ్చే ఆర్టెస్ ముండి బహుమతిని 2021లో పంచుకున్న ఆరుగురిలో ఇతనొకడు. సాస్తి నుంచి ఒకడు అంత దూరం పోతే, ఖనిలోని ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ నుంచి ఒక పిల్ల పోలేదా? ముందు ఆ పిల్ల గోడమీద అలాంటి బొమ్మను కళ్లారా చూడాలి గదా.

దీనికి కావాల్సింది పెద్ద భవనం కాదు. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2010 నుంచి ‘లామకాన్’ నడుస్తోంది. అది మొయీద్ హసన్ అనే ఫొటోగ్రాఫర్, డాక్యుమెంటరీకారుడి ఇల్లు. ఆయన పోయాక కుటుంబం దాన్ని లాభాపేక్ష లేని వేదికగా మార్చింది. గోడల మీద ఫొటోలు, ఆరుబయట నాటకాలు, పక్కన చాయ్, సమోసా. అక్కడికి ఎవరైనా పోవచ్చు. అదే నగరంలో 2015 నుంచి ఇండియన్ ఫొటో ఫెస్టివల్‌ను కూడా లాభాపేక్ష లేని సంస్థే నడుపుతోంది. ఖనికి ఒక పాత క్వార్టర్ చాలు. రెండు గదులు, ఒక వంటిల్లు, వరండా. సున్నం వేసిన గోడ, నాలుగు లైట్లు, ఒక రిజిస్టరు. తాళంచెవి మాత్రం కాలనీ జనం దగ్గరే ఉండాలి. కంపెనీ గోడ మీద కంపెనీ కథే వేలాడుతుంది. యూనియన్ గోడ మీద యూనియన్ కథ ఉంటుంది. ఇవి రెండూ ఉండాల్సినవే. మూడోది మనుషుల గోడ, అది లేదు.

ఆ గది తెరిస్తే తొలి ప్రదర్శనకు సరుకు వెతకనక్కర్లేదు, ఇనుపపెట్టెల్లో ఉంది. స్టూడియో ఫొటోలు, దిగిపోయిన రోజు ఫొటోలు, క్వార్టర్ల ముందు బతుకమ్మలు, గోదావరి ఒడ్డున సమ్మక్క జాతర, ఓపెన్‌కాస్టు కింద పోయిన ఊర్లలో తీసుకున్న చివరి ఫొటోలు. తర్వాతది నేను ఎదురుచూసే ప్రదర్శన, జ్ఞాపకం మీద గీసినవి. దిగిపోయిన కార్మికులను పదిమందిని ఒక దగ్గర కూర్చోబెట్టి, కాగితమూ పెన్సిలూ ఇవ్వాలి. పక్కన బడిపిల్లలుండాలి. టబ్బు ఎక్కడుండేది, హాలర్ తాడు ఎటు పోయేది, టింబర్ దుంగ ఎట్లా నిలబెట్టేవారు, పైకప్పు దిగేముందు దుంగ చేసే చప్పుడు విని ఎటు ఉరికేవారు. వాళ్లు గీస్తూ చెబుతుంటే పిల్లలు పక్కన రాసుకోవాలి. యమమోతో ఒంటరిగా చేసిన పని ఖనిలో పదిమంది కలిసి చెయ్యొచ్చు.

ఆడవాళ్లకు ఒక గోడ విడిగా ఉండాలి. 2019లో కేంద్రం నియమం సడలించాక ఆడవాళ్లు మళ్లీ భూగర్భంలోకి దిగుతున్నారు. అయినా నా మనసులో ఉన్నది అంతకన్నా పాత బొమ్మ. రాత్రి షిఫ్టు టిఫిన్ కట్టి, సైరన్ వేళకాని వేళ మోగితే గుండె జారి బాయి మీదికి ఉరికిన ఆడవాళ్లు. 2003 జూన్ 16న గోదావరిఖని ఏడో ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది పోయారు. అదే ఏడు అక్టోబరులో ఎనిమిది ఏ ఇంక్లైన్‌లో పైకప్పు కూలి పదిమంది. ఆ 27 ఇండ్లలోనూ దండవేసిన ఫొటోలుంటాయి. ఆ ఇండ్లవాళ్లు ఇష్టపడి ఇస్తే, ఆ ముఖాలు తొలి గదిలోనే, దండ లేకుండా, బతికున్న మనుషులుగా కనబడాలి. ‘ఇవ్వం’ అంటే మళ్లీ అడగొద్దు.

పింఛను సరిగా పెరగక మందులకే చాలని ఇంట్లో బొమ్మల ముచ్చట ఏమిటని కొందరు అడుగుతారు. న్యాయమైన మాటే. పింఛను కోసం కొట్లాడాల్సిందే. కానీ ఆ కొట్లాటలో ‘నేను ఏ పని చేసిన్నో మీకు తెల్వదు’ అని కార్మికుడు అన్నప్పుడు, చూపించడానికి అతని చేతిలో ఏమీ లేదు. దసరా లాంటి సినిమా చూసి బొగ్గు మసి రంగును గుర్తుపట్టిన ప్రేక్షకుడికి కూడా లోపలి పని తెలియదు. తెలిసినవాళ్లు చెప్పలేదు, వాళ్లను చెప్పమని అడిగినవాళ్లూ తక్కువే.

కంపెనీ ఒక క్వార్టర్ ఇవ్వాలి. మున్సిపల్ కార్పొరేషన్ కరెంటు బిల్లు చూసుకోవాలి. మిగతాది కాలనీ చూసుకుంటుంది. ఆ గది తెరిచేలోపు మీరు చెయ్యాల్సింది ఒకటుంది. మీ ఇంట్లో పాత ఫొటోలు అంటించే ఆల్బంలో ఉంటే మెల్లగా ఊడదీసి కాగితపు కవర్లో పెట్టండి. లామినేషన్ చేయించకండి, చెదలకు అందేచోట పెట్టకండి. వెనుక వైపు మెత్తటి పెన్సిల్‌తో, అదమకుండా, నాలుగు ముక్కలు రాయండి: పేరు, బాయి నంబరు, చేసిన పని, ఏడు. పెన్ను వాడకండి, సిరా ముందుకు దిగుతుంది. ఫొటోలో వరుసగా నిలబడ్డవాళ్లలో ఎవరు ఎవరో చెప్పగలిగిన మనిషి మీ ఇంట్లో ఉంటే, ఈ ఆదివారమే పక్కన కూర్చుని అడగండి.