దాత దేశం వెళ్లిపోయాక మిగిలేది ఏమిటి? కర్నూలు జిల్లాలో నెదర్లాండ్స్ సహాయం: ఒక పరిశీలన

పరిచయం

ఎమ్మిగనూరు, ఆదోని, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల సంఘాలలో పరిచర్య చేసేవారికి ఒక సంగతి బాగా తెలుసు. వానలు మొహం చాటేసిన ఏడాది ఊళ్లు సగం ఖాళీ అవుతాయి. కుటుంబాలు పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు వైపు వలస పోతాయి. ముసలివారు మాత్రం ఇళ్లకు కాపలాగా మిగిలిపోతారు. తుంగభద్ర దిగువ కాలువ ఈ ప్రాంతం గుండానే పోతున్నా చివరి ఆయకట్టు రైతుకు నీటి మీద నమ్మకం తక్కువ. కాలువ అందని చోట రైతుకు దిక్కు బోరుబావి ఒక్కటే.

ఇటువంటి నేలమీద "విదేశీ సహాయం" అన్న మాట ఆశనూ అనుమానాన్నీ కలిపి రేపుతుంది. సహాయం ఎవరు ఇస్తారు? ఎందుకు ఇస్తారు? ఎప్పుడు ఆపాలో ఎవరు నిర్ణయిస్తారు? వారు వెళ్లిపోయాక మనకు మిగిలేది ఏమిటి? ఈ ప్రశ్నలను కర్నూలు జిల్లాలో నెదర్లాండ్స్ అనే చిన్న దేశం చేసిన సహాయం ఆధారంగా ఈ వ్యాసంలో పరిశీలించడం మా ఉద్దేశం.

1. కరువు సహాయం: పాత అనుభవాలు

ధాత నామ సంవత్సరంలో, అనగా 1876లో మొదలై 1878 వరకు సాగిన మహా కరువును ముందుగా గుర్తు చేసుకోవాలి. అప్పటికి ఆదోని బళ్లారి జిల్లాలో భాగం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే అది కర్నూలు జిల్లాలో చేరింది. మద్రాసు రాజధానిలో ఆ కరువు దెబ్బ తీవ్రంగా తిన్న జిల్లాలలో బళ్లారి, కర్నూలు ముందువరుసలో ఉన్నాయి.

ఆనాడు ఖర్చు తగ్గించే బాధ్యతతో వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనులలో కూలికి ఇచ్చే ధాన్యాన్ని రోజుకు ఒక పౌనుకు కుదించాడు. ఆ తిండితో పనిచేసే మనిషి బతకలేడని మద్రాసు పారిశుధ్య కమిషనరు డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. 1877లో లండన్ నగర మేయరు పిలుపుతో మాన్షన్ హౌస్ నిధి పేరిట ప్రజల నుండి విరాళాలు పోగయ్యాయి. పాలకుల పొదుపూ సామాన్యుల దాతృత్వమూ ఒకే నగరం నుండి ఒకే కాలంలో వచ్చాయన్నది గమనార్హం. కాబట్టి "విదేశం సహాయం చేసింది" అన్నంత మాత్రాన సరిపోదు. ఏ చేయి ఇచ్చింది, ఏ లెక్కతో ఇచ్చింది అన్నది కూడ చూడాలి.

మరొక అనుభవం ఎమ్మిగనూరుదే. 1938లో మాచాని సోమప్ప ఇక్కడ చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. తర్వాతి కాలంలో ఆయనకు పద్మశ్రీ లభించింది. నేతగాళ్లు సభ్యులుగా, యజమానులుగా నిలిచిన ఆ సంఘం, స్థానికులు తమంత తాము కూడి ఒక ఆర్థిక సంస్థను నడపగలరని చూపింది. బయటి సహాయాన్ని తూచడానికి ఇది మన ఊరిలోనే ఉన్న కొలబద్ద.

2. చిన్న దేశాల పెద్ద వాగ్దానం

ధనిక దేశాలు తమ జాతీయాదాయంలో కొంత భాగాన్ని పేద దేశాలకు ఇవ్వాలన్న ఆలోచనకు సంఘ చరిత్రతో సంబంధం ఉంది. 1958లో ప్రపంచ సంఘాల మండలి ఈ భాగం ఒక శాతం ఉండాలని ప్రతిపాదించింది. 1960వ దశకంలో నెదర్లాండ్స్ ఆర్థికవేత్త యాన్ టింబర్గెన్ ఐక్యరాజ్య సమితి ప్రణాళికా సంఘానికి అధ్యక్షుడుగా ఈ లెక్కను పదును పెట్టాడు. 1970 అక్టోబరులో సర్వప్రతినిధి సభ 0.7 శాతాన్ని లక్ష్యంగా అంగీకరించింది.

ఈ మాట నిలబెట్టుకున్నవి ఎక్కువగా చిన్న దేశాలే. 1974లో స్వీడన్ మొదట ఆ గీతను చేరింది. నెదర్లాండ్స్ 1975లో, నార్వే 1976లో, డెన్మార్క్ 1978లో చేరాయి. అమెరికా ఏనాడూ చేరలేదు. నెదర్లాండ్స్ విస్తీర్ణం ఉమ్మడి కర్నూలు జిల్లాకు రెండున్నర రెట్లు కూడ ఉండదు. అయినా 1975 నుండి 2012 వరకు అది ఆ లక్ష్యానికి దిగువకు పోలేదు. సముద్రపు నీటిని గట్లు కట్టి వెనక్కి నెట్టే ఆ దేశం, నీటి చుక్క కోసం నేలను తొలిచే మన జిల్లాకు సహాయం చేయడం ఒక విశేషం.

3. ఏపీవెల్: సహాయం పనిచేసిన తీరు

1995 నుండి 2003 వరకు నెదర్లాండ్స్ నిధులతో ఏపీవెల్ అనే భూగర్భజల పథకం ఆంధ్రప్రదేశ్‌లో నడిచింది. కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్ అనే ఏడు కరువు జిల్లాలు దీని పరిధి. రాష్ట్ర నీటిపారుదల అభివృద్ధి సంస్థ దీనిని అమలు చేసింది.

ఈ పథకంలో బోరు ఒక్క ఆసామికి చెందదు. పక్కపక్కన పొలాలున్న కొందరు సన్నకారు, చిన్నకారు రైతులు ఒక సంఘంగా ఏర్పడాలి. ఖర్చులో తమ వాటా తాము భరించాలి. తర్వాత నీటిని పంచుకోవాలి, మోటారు బాగోగులు చూసుకోవాలి. స్త్రీలకు కూడ ఇందులో భాగస్వామ్యం ఉండాలన్నది పథకం ఆశయాలలో ఒకటి.

అయితే బోర్లు పెరిగేకొద్దీ నేలలోని నీరు తరుగుతుంది. మన గట్టి రాతినేలల్లో నీరు బండల పగుళ్లలో, పైనున్న మెత్తరాయిలో మాత్రమే నిలుస్తుంది. ఒకరు లోతుకు పోతే పక్కవారి బోరు ఎండుతుంది. అందువలన పథకం రెండవ మెట్టు ఎక్కవలసి వచ్చింది. రైతులే వర్షమాపకంతో వానను కొలిచి, బావులలో నీటిమట్టాన్ని క్రమం తప్పక నమోదు చేసి, ఊరిలో పలక మీద రాసే పద్ధతి మొదలైంది.

4. 2003: రెండు రాజధానుల నిర్ణయం

2003 ఫిబ్రవరి 28న ఆర్థిక మంత్రి జస్వంత్ సింగ్ తన బడ్జెట్ ప్రసంగంలో కొత్త విధానాన్ని ప్రకటించారు. చిన్న దాత దేశాల నుండి ప్రభుత్వం ఇకమీదట నేరుగా సహాయం తీసుకోదు. నడుస్తున్న పథకాలు మాత్రం పూర్తి కావచ్చు. ఆ జూన్‌లో జపాన్, బ్రిటన్, జర్మనీ, అమెరికా, రష్యా, ఐరోపా సమాఖ్య మాత్రమే జాబితాలో మిగిలాయి. నెదర్లాండ్స్, స్వీడన్, డెన్మార్క్, నార్వే వంటి దేశాలకు తలుపు మూసుకుంది. 2004 సెప్టెంబరులో కొత్త ప్రభుత్వం దీనిని కొంత సడలించింది. జి-8 దేశాలన్నిటినీ, ఏటా కనీసం 2.5 కోట్ల డాలర్లు ఇచ్చే ఐరోపా సమాఖ్య దేశాలనూ అనుమతించింది.

దీనికి ప్రభుత్వం చెప్పిన కారణాలు తీసిపారేయదగినవి కావు. విదేశీ మారక నిల్వలు పెరిగాయి. చిన్న మొత్తాల కోసం అనేక దేశాలతో వేరువేరు ఒప్పందాలు, లెక్కలు నడపడం భారమైంది. భారతదేశం తానే దాతగా నిలవాలన్న ఆకాంక్ష కూడ అందులో ఉంది. 1998 మే నెలలో జరిపిన అణుపరీక్షల తర్వాత పలు దాత దేశాలు కొత్త సహాయాన్ని నిలిపివేసిన సంగతి కూడ మరువరాదు. దాత ఒక రాజకీయ కారణంతో చేయి వెనక్కి తీసుకోగలిగినప్పుడు, పుచ్చుకొనేవారు ఆత్మగౌరవ కారణంతో చేయి ముడుచుకోవడాన్ని తప్పుపట్టలేము.

కాని మేము ఒక విషయం గుర్తించాము. 1998లోని నిర్ణయాలు విదేశీ రాజధానులలో జరిగాయి, 2003లోనిది ఢిల్లీలో జరిగింది. బోరు చుట్టూ కూర్చున్న రైతు సంఘానికి ఏ సభలోనూ కుర్చీ లేదు. దేశం ధనికమైందన్న లెక్క నిజమే. ఆ ధనం ఎమ్మిగనూరు పొలం గట్టు వరకు వచ్చిందా అన్నది వేరే ప్రశ్న.

ఇది చిన్న దేశాలతో ఆగలేదు. గ్రామీణ జీవనోపాధుల పథకం ద్వారా కర్నూలుతో సహా ఐదు జిల్లాలలో పనిచేసిన బ్రిటన్ కూడ, భారతదేశానికి ఆర్థిక గ్రాంట్లను 2015 నాటికి ముగిస్తామని 2012లో ప్రకటించింది. నెదర్లాండ్స్ 2013లో 0.7 శాతం గీతకు దిగువకు జారింది. 2027 నుండి అభివృద్ధి సహాయంలో ఏటా 240 కోట్ల యూరోల కోత విధిస్తామని అక్కడి ప్రభుత్వం 2025లో ప్రకటించింది. పుచ్చుకొనేవారి తలుపు మూసినట్లే ఇచ్చేవారి తలుపూ మూసుకోగలదు.

5. మిగిలినది, మిగలనిది

2003 విధానంలో స్వచ్ఛంద సంస్థలకూ ఐక్యరాజ్య సమితి సంస్థలకూ చిన్న దేశాలు ఇచ్చే నిధులపై అభ్యంతరం లేదు. ఆ దారిలోనే రైతుల భూగర్భజల యాజమాన్య పథకం నెదర్లాండ్స్ నిధులతో, ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో 2010 వరకు సాగింది. అవే ఏడు జిల్లాలలో 638 గ్రామాలలో ఇది నడిచింది. స్వచ్ఛంద సంస్థలు క్షేత్రంలో పనిచేశాయి. వాటికి నాయకత్వం వహించినది కర్నూలు జిల్లాకు చెందిన సంస్థే.

ఇందులో ముఖ్యమైనది పంట నీటి బడ్జెట్. వానాకాలం ముగిశాక, రబీకి ముందు రైతులు సమావేశమై ఎంత నీరు నేలలోకి ఇంకింది, ఏ పంటకు ఎంత కావాలి అని లెక్క వేస్తారు. వరి వేస్తే చాలదని తేలితే శనగ వంటి తక్కువ నీటి పంట వేయాలా అన్నది ఎవరికి వారే నిర్ణయించుకుంటారు. ఇందులో బలవంతం గాని ప్రోత్సాహక ధనం గాని లేదు. ఇక్కడ సహాయం రూపం మారింది. డబ్బుకు బదులు లెక్క కట్టే విద్య రైతు చేతికి వచ్చింది.

ఫలితాలపై అభిప్రాయాలు ఒక్కటిగా లేవు. 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక దీనిని ఆశాజనకమైన నమూనాగా చూపింది. 2012లో అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ, టాటా సంయుక్త కార్యక్రమం తరపున జరిగిన పరిశీలన, ఆ విజయం చెప్పినంత లోతైనదా అని ప్రశ్నించింది. పథకానికి ఎదురుగాలి కూడ ఉంది. 2004 నుండి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. అది చిన్న రైతుకు పెద్ద ఊరట. అదే సమయంలో నీటిని తోడడానికి ఖర్చు అన్న అడ్డు తొలగిపోయింది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం బోర్లను క్రమబద్ధం చేయాలని చెప్పినా, ఒక్క చట్టంతో అలవాటు మారదు. దీనినిబట్టి, మంచి బోధన కూడ దానిని మోసే స్థానిక సంస్థ లేకపోతే పలుచబడుతుందని మేము భావిస్తున్నాము.

6. సంఘాలు నేర్చుకోదగినవి

మొదటిది, ప్రభుత్వాల మధ్య దారి మూసుకున్నప్పుడు సంఘాలే కాలువలవుతాయి. కాలువ నీటికి యజమాని కాదు. 1994లో విపత్తు సహాయానికి ప్రవర్తనా నియమావళిని రూపొందించిన సంస్థలలో రెడ్ క్రాస్‌తో పాటు ప్రపంచ సంఘాల మండలి, లూథరన్ ప్రపంచ సమాఖ్య, కారితాస్ కూడ ఉన్నాయి. అవసరాన్నిబట్టే సహాయం చేయాలనీ, దానిని మత ప్రయోజనానికి వాడరాదనీ అవి తమంత తాము ఒప్పుకున్నాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయం, కర్నూలు నగరం మునిగినప్పుడు ఆ నీరు ఎవరి మతమూ అడగలేదు. సహాయం చేసే చేయి కూడ అడగరాదు.

రెండవది, ఆ దారి కూడ ఇరుకైనది. 1976లో వచ్చిన విదేశీ విరాళాల నియంత్రణ చట్టం స్థానంలో 2010లో కొత్త చట్టం వచ్చింది. 2020 సవరణ ప్రకారం విదేశీ విరాళం పొందిన సంస్థ దానిని మరొక సంస్థకు బదిలీ చేయరాదు. పరిపాలనా ఖర్చు 20 శాతం మించరాదు. పెద్ద సంస్థ పుచ్చుకొని పల్లెలోని చిన్న సంస్థకు అందించే పాత పద్ధతి దీనితో ముగిసింది. విదేశీ నిధిమీద మాత్రమే నిలిచిన పరిచర్య ఏదైనా ఈ మార్పులో కదిలిపోతుంది.

మూడవది, యెరూషలేము పేదలకోసం పౌలు సేకరించిన చందాను ధ్యానించేవారు ఒక సంగతి గమనించాలి. అక్కడ ఇచ్చినవారూ ధనికులు కారు, ఇవ్వడం ఒకవైపు ప్రవాహమూ కాదు. సమానత్వం ఆ సేకరణకు గురి. ఆ గురితో చూస్తే పుచ్చుకొన్న సంఘం ఎప్పటికీ పుచ్చుకొనే సంఘంగానే ఉండిపోకూడదు.

ముగింపు

సహాయాన్ని వచ్చిన డబ్బుతో కొలవడం సులభం. అది ఆగిపోయిన తర్వాత ఊరు ఏమి చేయగలుగుతున్నదో చూస్తే దాని అసలు విలువ తెలుస్తుంది. తవ్విన బోరు ఎండిపోవచ్చు. నీటిమట్టం కొలవడం, లెక్క వేయడం, పొరుగువారితో కూర్చుని పంట గురించి మాట్లాడుకోవడం నేర్చినవారు ఆ విద్యను బిడ్డలకు అందించగలరు. ఎమ్మిగనూరు నేతగాళ్లు ఒకనాడు సహకార సంఘంతో చూపినది కూడ ఇదే.

కావున మన సంఘాల ముందు ఒక పని ఉన్నది. ప్రతి గుడి ఆవరణలో ఒక వర్షమాపకం ఉంచడానికి విదేశీ నిధి అక్కరలేదు. రబీకి ముందు ఊరివారందరినీ, ఏ మతమని అడగకుండా, నీటి లెక్కకు పిలవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. దాత వెళ్లిపోయిన తర్వాత ఆ లెక్కను కొనసాగించేవారెవరన్న ప్రశ్నకు స్థానిక సంఘమే జవాబు కాగలదని మా నమ్మకం.