స్ట్రాబెర్రీ తోటలకు వృద్ధి నియంత్రకములు: ఎరువు వేరు, ఆజ్ఞ వేరు

లంబసింగి, చింతపల్లి ప్రాంతములందలి చలికొండలలో కొన్ని సంవత్సరములుగా స్ట్రాబెర్రీ సాగు జరుగుచున్నది. సెప్టెంబరు, అక్టోబరు మాసములలో మొక్కలు నాటి, చలికాలమంతయు పండ్లు కోయుదురు. ఈ పైరునకు పెట్టుబడి హెచ్చు. మొక్క కొనవలెను, ఎత్తుమళ్లు కట్టవలెను, మల్చింగ్ షీటు పరచవలెను, డ్రిప్పు గొట్టములు వేయవలెను. ఇంత చేసినను కోసిన పండు రెండు మూడు దినములకంటె నిలువదు. కావున ఒక్క పంట చెడినచో రైతు ఋణము మరుసటి సంవత్సరమునకు ప్రాకును.

ఇట్టి స్థితిలో, "హార్మోను మందు చల్లినచో పూత ముందుగా వచ్చునట, కాయ పెద్దదగునట, సంఘము దానిని తెప్పించి మాకు అప్పుగా నిచ్చునా?" యని సభ్యులు కొందఱు మమ్ము ప్రశ్నించుచున్నారు. ప్రశ్న న్యాయమైనదే. అయితే మందు కొనకమున్ను అది మొక్కలో నేమి చేయునో రైతు తెలిసికొనుట మంచిది.

మొదట పండునే చూడుడు. స్ట్రాబెర్రీ పండుపై గింజలవలె కనబడునవి నిజమునకు గింజలు కావు. ఒక్కొక్కటియు ఒక చిన్న ఎండుకాయ. మనము తినెడి ఎఱ్ఱని కండ పూవునకు అడుగున నుండు పీఠము ఉబ్బి యేర్పడినది. ఆ పీఠము ఏల ఉబ్బును? నీట్షు అను శాస్త్రజ్ఞుడు 1950వ సంవత్సరమున దీనిని పరీక్షించి చూపెను. లేతకాయపైనున్న గింజలన్నిటిని తీసివేయగా కాయ పెరుగుట మానెను. ఒక ప్రక్క గింజలను మాత్రము ఉంచగా ఆ ప్రక్కయే పెరిగెను. గింజలు తీసిన కాయకు ఆక్సిన్ అను ద్రవ్యమును పూయగా కాయ మరల పెరిగెను. అనగా గింజలే ఆక్సిన్‌ను పుట్టించి, "పెరుగుము" అని కండకు ఆజ్ఞ యిచ్చుచున్నవి.

దీనినిబట్టి రైతునకు గొప్ప సంగతి యొకటి తేటపడును. పుప్పొడి సరిగా అందని గింజ ఆజ్ఞ యీయజాలదు. ఆ చోట కండ అణగిపోయి కాయ వంకరగును. అట్టి కాయలు తోటలో హెచ్చుగా నున్నచో మొదట తేనెటీగలు వచ్చుచున్నవో లేదో చూడవలెను. పూత కాలమున పట్టపగలు పురుగుమందు చల్లి యీగలను చంపుకొని, పిదప కాయ పెద్దది చేయుటకు వేఱొక మందు కొనుట చేతిలోని దీపమార్పి చీకటిలో వెదకుట వంటిది.

రెండవది జిబ్బరెల్లిన్. దీని కథ మన వరిరైతులకును వింతగా తోచును. ఒక బూజుతెగులు సోకిన వరిమొక్కలు సన్నగా, పాలిపోయి, తోడివానికంటె మిక్కిలి పొడవుగా సాగి, తుదకు గింజ పట్టక చచ్చును. ఆ బూజు స్రవించు ద్రవ్యమే మొక్కను సాగదీయుచున్నదని 1926లో తైవాన్ ద్వీపమున కురొసావా అనునతడు కనిపెట్టెను. 1935లో యబూతా దానికి జిబ్బరెల్లిన్ అని పేరిడెను. మితముగా నున్నచో మేలు, మితిమీరినచో ఆ తెగులే. ఈ మాట మఱువరాదు.

స్ట్రాబెర్రీపై దీని ఫలము చల్లు సమయమునుబట్టి యుండును. మొగ్గ లోపల నేర్పడిన తరువాత కొలదిగా చల్లినచో పూకాడ సాగి, పూత కొంత ముందుగా రావచ్చును. పగటిపొద్దు తగ్గిన కాలమున పూతకు వచ్చు రకములలో, మొగ్గ యేర్పడకమున్నే చల్లినచో పూత తగ్గి ప్రాకుతీగలు హెచ్చును. నారు పెంచువానికి తీగలు లాభము. పండ్లు అమ్మువానికి నష్టము.

మూడవది పెరుగుదలను అణచునది. మామిడిరైతులు పాదులలో పోయు పాక్లోబ్యుట్రజోల్ ఈ జాతిలోనిది. ఇది మొక్క తనలో జిబ్బరెల్లిన్ చేసికొనుటను ఆపును. స్ట్రాబెర్రీలో ప్రాకుతీగలను తగ్గించును. కాని నేలలో చాలకాలము నిలుచును గనుక తరువాతి పైరు కూడ గిడసబాఱవచ్చును. తీగలు తగ్గించుటకు చేతితో త్రుంచివేయుటయే మనకు చాలును.

ఇక కొలత. శాస్త్రపత్రికలలో "50 పి.పి.ఎం." అని వ్రాయుదురు, అనగా లీటరు నీటికి 50 మిల్లీగ్రాములు. అచ్చమైన పొడి 1 గ్రాము 20 లీటర్లకు సరిపోవును. పొడి నీటిలో త్వరగా కరగదు గనుక మొదట కొలది స్పిరిటులో కరగించి నీట కలుపుదురు. బజారులో 0.001 శాతపు ద్రవము కూడ దొరకును. అందు లీటరునకు ఇంచుమించు 10 మిల్లీగ్రాములే యుండును. ఒకదాని కొలత మఱియొకదానికి ఎన్నడును పనికిరాదు.

ఈ పాఠమును మేము నష్టపడి నేర్చితిమి. ఒకయేట మా ప్రదర్శన మళ్లలో ద్రవమునకు చెప్పిన మూతకొలతతోనే పొడిని కలిపితిమి. తప్పు మాదే, చీటి చదువకయే తొందరపడితిమి. పదిదినములలో ఆకుకాడలు సాగి మొక్కలు పడిపోయెను. పూకాడలు నిలువలేక వాలెను. కాయలు తడిమట్టిని తాకి క్రుళ్లెను. మందు వేయని ప్రక్కవరుసలో మాత్రము చక్కని పండ్లు కాచెను. చూడవచ్చిన రైతులయెదుట మేము తలవంచుకొన్నాము. కొండనాలుకకు మందువేయగా ఉన్ననాలుక ఊడినట్లయ్యెను.

కావున మా సలహా యిది. నియంత్రకము ఎరువు కాదు, నీరు కాదు. అది ఆజ్ఞ మాత్రమే. తినుటకు తిండిలేని కూలివానిని ఎంత గద్దించినను పని సాగదు. మొదట తెగులులేని మొక్క, మురుగునీరు నిలువని ఎత్తుమడి, చివికిన పశువులయెరువు, కాయక్రింద షీటు గాని వరిగడ్డి గాని, పూతకు తేనెటీగలు — ఇవి యైదును సమకూర్చుకొనుడు. ఇవి యున్నచోటనే మందు పరీక్షింపదగును. సీసాపై స్ట్రాబెర్రీకి వాడవచ్చునని వ్రాసియున్నదో లేదో, కోతకెన్ని దినములు ముందు ఆపవలెనో చదివించుకొని, లేనిదానిని కొనకుడు.

పరీక్షించువారు తోటయంతట చల్లక రెండు వరుసలకు చల్లి, వానిప్రక్క రెండు వరుసలు విడిచిపెట్టవలెను. రెంటి పండ్లను వేఱువేఱుగా తూచి, అమ్మిన ధరతోసహా పుస్తకమున వ్రాసి సంఘమునకు తెచ్చినచో, వచ్చు సంవత్సరము ఈ మందు తెప్పింపవలెనా వలదా యనునది అంగడివాని మాటచేత గాక మన త్రాసుచేతనే తేలగలదు. అంతవరకు దీనికై అప్పు చేయవలదని సభ్యులను కోరుచున్నాము.