గర్భిణులు – మైక్రోవేవ్ పొయ్యి : భయపడవలసినది దేనికి?

“మైక్రోవేవ్ పొయ్యిలో వేడిచేసిన ఆహారం గర్భిణి తినవచ్చునా? అది పనిచేయుచుండగా వంటయింట్లో నిలబడితే కడుపులోని బిడ్డకు హాని కలుగునా?” నా వద్దకు వచ్చే గర్భిణులలో పలువురు అడిగే ప్రశ్నలివి. కొందరు అత్తగార్లు ఆ పెట్టె ఉన్న గదిలోనికే కోడలిని రానివ్వరు. మరికొందరు గర్భిణులు భయంచేత ఫ్రిజ్‌లోని కూరను చల్లగానే భుజించుచున్నారు. ఇక్కడ భయం ఒకచోట, ప్రమాదం మరొకచోట ఉన్నవి.

ఈ పొయ్యిలోని తరంగాలు రేడియో తరంగాల జాతికి చెందినవి. ఇండ్లలో వాడే పొయ్యిలలో వీటి పౌనఃపున్యం సుమారు 2450 మెగాహెర్ట్జ్. ఇవి ఆహారంలోని నీటి అణువులను కదిలించి వేడిని పుట్టించును. ఎక్స్‌రేలవలె కణాలలోని జన్యుపదార్థాన్ని ఛేదించే శక్తి వీటికి లేదు. తలుపు తెరవగానే తరంగాల ఉత్పత్తి ఆగిపోవును. ఆహారంలో అవి మిగిలి ఉండవు. తలుపు సందులలోనుండి వెలువడే తరంగాలు 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లకు మించరాదని అమెరికా ప్రభుత్వ నియమం. దూరం పెరిగినకొద్దీ అవి త్వరగా క్షీణించును. కావున తలుపు సరిగా మూసుకొనే పొయ్యి వలన గర్భానికి భయం లేదు. తలుపు వంగినా, అంచులు చెడినా, అద్దం పగిలినా మాత్రం దానిని వాడరాదు.

అసలు జాగ్రత్త ఆహారం విషయంలో కావలెను. ఈ పొయ్యిలో వేడి అంతటా సమానంగా వ్యాపించదు. అంచులు పొగలు గ్రక్కుచుండగా నడుమ చల్లగా ఉండవచ్చును. లిస్టీరియా అనే సూక్ష్మజీవి ఫ్రిజ్ చల్లదనంలో సైతం వృద్ధి చెందును. అది సోకిన తల్లికి స్వల్ప జ్వరమే కనబడినను, గర్భస్రావం, మృతశిశు జననం, అకాల ప్రసవం సంభవించవచ్చును. వండి చాలాసేపు బయట ఉంచిన అన్నంలో మరొక సూక్ష్మజీవి విషాన్ని కల్పించును. ఆ విషం తిరిగి వేడిచేసినను నశించదు.

ఆహారాన్ని వేడిగా భుజించవలెనని చరకసంహిత విమానస్థానం విధించినది. వేడియన్నం జఠరాగ్నిని ప్రేరేపించి చక్కగా జీర్ణమగును. అప్పుడే వండినదానికి సాటి లేదు. ఉద్యోగం చేసే గర్భిణికి అది అన్నివేళలా సాధ్యం కాదు గనుక ఈ క్రింది నియమాలు పాటించవలెను.

1. మిగిలిన పదార్థాలను వండిన 2 గంటలలోపు ఫ్రిజ్‌లో ఉంచి, ఒకసారి మాత్రమే తిరిగి వేడిచేయవలెను.

2. గాజు లేదా పింగాణీ పాత్రలనే వాడవలెను. ప్లాస్టిక్ డబ్బాలు వేడికి తమలోని రసాయనాలను ఆహారంలోనికి వదలవచ్చును. స్టీలు గిన్నెలు ఇందులో పెట్టరాదు.

3. మూత వదులుగా ఉంచి, నడుమ ఒకసారి కలిపి, నడిమి భాగం కూడ పొగలు వచ్చునంతగా, అనగా 74 డిగ్రీల సెంటీగ్రేడుకు తగ్గకుండ, వేడిచేయవలెను. పిమ్మట 2 నిమిషాలు ఆగి తినవలెను.

4. పెంకుతో ఉన్న గ్రుడ్లను పెట్టరాదు. పగిలి ముఖం మీదికి చిమ్మును.

చివరగా ఒక మాట. గర్భిణికి జ్వరం, ఒళ్ళునొప్పులు కలిగినచో ఇంటి కషాయాలతో కాలయాపన చేయక, అదేరోజున ప్రసూతి వైద్యులకు చూపించవలెను. లిస్టీరియా సోకినచో సకాలంలో ఇచ్చే ఆధునిక ఔషధమే బిడ్డకు రక్ష.