పాత గ్రామఫోనును బాగుచేయుట

సూర్యాపేట జిల్లా మఠంపల్లిలో మా యింటి అటుకమీద, గోనెసంచిలో చుట్టిపెట్టిన గ్రామఫోను ఒకటి యుండెను. దానితో పదునొకండు ప్లేట్లు. కీ యిచ్చిన తిరుగదు. ఒకవేళ తిరిగినను పాట గొరగొరలాడును. హుజూర్‌నగరు, కోదాడ, మిర్యాలగూడలలో విచారించితిని. రేడియో బాగుచేయువారే యరుదైన యీ కాలమున దీనిని చేపట్టువారెవ్వరు? తుదకు నేనే పనికి పూనుకొంటిని. అట్లు చేసి నేర్చినదియు, చెడగొట్టి నేర్చినదియు మీకు మనవి చేసెదను.

చెడగొట్టినదే ముందు చెప్పుట మేలు. ప్లేట్లపై పేరుకొనిన మట్టిని చూచి, దూదిని స్పిరిటులో ముంచి ఒకదానిని గట్టిగా తుడిచితిని. దూది నల్లబడెను. మట్టి పోవుచున్నదని సంతోషించితిని గాని, పోవుచున్నది పాటయే! నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆ నాటి ప్లేటు లక్కతో చేసినది. ఏటికొప్పాక బొమ్మలకు నునుపు నిచ్చు లక్కయే యిది. భారతములోని లక్కయింటి సరుకును ఇదియే. లక్క స్పిరిటులో కరగును. అది హరిశ్చంద్ర నాటకములోని కాటిసీను పద్యముల ప్లేటు, మా తాతగారికి ప్రాణము. దాని యొక ముఖము నా చేతిలోనే మాసిపోయినది. కావున లక్కప్లేటును మెత్తని కుంచెతో దులుపుడు. చాలనిచో తడిపి పిండిన గుడ్డతో గాడి పోవు దిక్కుననే తుడిచి వెంటనే ఆరబెట్టుడు. స్పిరిటు మాత్రము దాని దరి చేరనీయరాదు.

ఆ ప్లేటులో లక్క కొంత భాగమే. మిక్కిలి భాగము మెత్తగా నూరిన రాతిపొడి. మా ప్రాంతమున సిమెంటు కొరకు త్రవ్వు సున్నపురాయి వంటిదియు అందు చేరును. ఈ రాతిపొడి యేల? ఉక్కుముల్లును అరగదీసి గాడికి తగినట్లు మలచుటకే. ముల్లు అరగవలెను, గాడి అరగరాదు. అందువలననే ఒక ముఖము పాడగానే ముల్లు మార్చుమనిరి. ఖర్చునకు వెఱచి ఒకే ముల్లును పదిసార్లు వాడు లోభికి ప్లేటే మిగులదు.

ఎడిసను 1877లో ధ్వనిని స్తూపమున పట్టెను. బెర్లినరు 1887లో దానిని పలకమీదికి తెచ్చెను. 1908లో కలకత్తాలో రికార్డుల కర్మాగారము వెలసిన పిదప, నాటకశాలకు పోలేని పల్లెలకును డి. వి. సుబ్బారావుగారి పద్యము చేరెను.

ఇక యంత్రము. దీనికి విద్యుత్తుతో పనిలేదు. పెద్ద ఉక్కుచుట్ట బిగిసి మెల్లగా విడుచుటయే దాని బలము. విప్పుటకు ముందు బ్రేకు తీసి పళ్లెము తనంత నిలుచువరకు తిరుగనిండు. బిగిసియున్న చుట్ట తప్పుకొన్నచో వ్రేళ్లు తెగును. చుట్టయున్న డబ్బాను అలవాటులేనివారు తెరువరాదు, నేనును తెరువలేదు. పాట నడుమ ధన్ ధన్ మను చప్పుడు వచ్చిన, లోపలి గ్రీజు గట్టిపడినదని యర్థము. మిగిలిన చక్రములనుండి ముదిరిన జిడ్డును కిరసనాయిలుతో కడిగి, కుట్టుమిషను నూనె ఒక్కొక్క బొట్టు వేసిన చాలును. కొబ్బరినూనె వేయకుడు, అది కొన్నాళ్లకు తానే బంకయగును.

వేగమును అదుపుచేయునది మూడు చిన్న సీసపు గుండ్లుగల యిరుసు. వేగము హెచ్చిన కొలది గుండ్లు వెలుపలికి జరిగి ఒక బిళ్లను లాగును. ఆ బిళ్ల తోలుముక్కకు రాచుకొని వేగము తగ్గును. మాదానిలో ఆ తోలు ఎండి రాయియైనది. ఒక బొట్టు నూనెతోనే సగము జబ్బు తీరినది. వేగము సరిచూచుటకు పళ్లెము అంచున కాగితపుముక్క అంటించి, ముల్లు ప్లేటుపై ఉండగానే లెక్కింపుడు. అరనిమిషమునకు 39 చుట్లు రావలెను.

గొరగొరకు మూలము వేరొకచోట నుండెను. ముల్లు కదలికను ధ్వనిగా మార్చునది అభ్రకపు పలక, నెల్లూరు సీమలో గూడూరు పేరు నిలిపిన ఆ అభ్రకమే. పలకను అంచున రెండువైపుల రబ్బరు వలయములు మెత్తగా పట్టుకొనవలెను. ఏండ్లు గడిచిన రబ్బరు గాజువలె బిగిసి పలకను కదలనీయదు. నేను వానిని గోటితో పెకలించి, సైకిలు వాల్వుగొట్టమును కొలతకు కోసి అమర్చితిని. మరలను మిక్కిలి బిగించిన అభ్రకము పగులును. వదులైన పాట చిలుకును. పలక నడిమి చిన్నమర చుట్టు తేనెమైనము చుక్క కరగించి పోసితిని. ఈ పనికి ఒక సాయంకాలము పట్టెను, మూడుమారులు విప్పవలసివచ్చెను.

ఒక హెచ్చరిక: 1948 తరువాత వచ్చిన సన్నగాడి ప్లేట్లను ఈ యంత్రముపై ఎన్నడును పెట్టరాదు. అవి రెండుమూడు గ్రాముల బరువును మోయదగినవి. ఈ తల వంద గ్రాములకు మించును. విద్యుత్తుతో తిరుగు యంత్రములలో సాగిన బెల్టును, గట్టిపడిన రబ్బరుచక్రమును మార్చుట ఇంట చేయదగినదే. వాల్వుల ఆంప్లిఫయరు మాత్రము తీగ ఊడదీసిన పిదపను కెపాసిటర్లలో ప్రాణాంతకమైన విద్యుత్తును దాచుకొనును. దానిని తెలిసినవారికే అప్పగింపుడు.

ఆ కాటిసీను ప్లేటు రెండవ ముఖము చెడలేదు. మరమ్మతు ముగిసిన నాటిరాత్రి దానిని పెట్టగా, వంటయింటనున్న మా అమ్మ చేయి కడుగుకొనకయే వచ్చి గడపలో కూర్చుండెను. మొదటి ముఖమేదని యడిగినది. చెప్పితిని. ఏమియు ననక, ఉన్నదానినే మరల పెట్టుమనెను. క్రొత్త ముల్లు తీసి పెట్టితిని.