పెరట్లో అగ్నిశిఖ
అందంలో ఏ లిల్లీకీ తీసిపోని బస్తర్ అడవి పువ్వుకు పెరటి కంచె రక్ష కాగలదు. కాకపోతే ఆ ఇంటివారు దాని విషాన్ని మరవకూడదు

తెలుగు పూల మార్కెట్లలో లిల్లీ అంటే దండల్లో గుచ్చే తెల్లటి నేలసంపెంగే. నర్సరీల్లో లిల్లీ పేరుతో దొరికే డేలిల్లీ వేరు. వృక్షశాస్త్రం లెక్కలో ఈ రెండూ అసలు లిల్లీలే కావు. ఇంద్రావతి ఒడ్డున తెలుగు, గోండి, దోర్లీ కలగలిసి వినిపించే భోపాల్‌పట్నంలో పెరటి తోటకు ఏది తగునన్న ప్రశ్న వస్తే మూడో పేరూ చెప్పుకోవాలి. అదే అగ్నిశిఖ.

డేలిల్లీ పువ్వు ఆయుష్షు ఒక్క రోజే. అయితే ఒక్కో కాడకు అనేక మొగ్గలుంటాయి కనుక ముచ్చట వారాల తరబడి సాగుతుంది. చలికి ఆకు రాల్చి నిద్రపోయే రకాలు బస్తర్ దక్షిణాన నిలదొక్కుకోవడం కష్టం. ఏడాదంతా పచ్చగా ఉండే రకాలే నయం. నీరు నిలవని నేల, మధ్యాహ్నం కాస్త నీడ ఉండి, మూడు నాలుగేళ్లకోసారి దుబ్బు విడదీసి నాటితే చాలు.

అగ్నిశిఖకు ఈ వాతావరణం పుట్టినిల్లే. తొలకరికి దుంప మొలకెత్తుతుంది. తీగ ఆకు కొసలనే నులితీగలుగా మార్చుకుని దడిని పట్టుకు పాకుతుంది. వానాకాలంలో పసుపు, ఎరుపు రేకులు మంటలా పైకి లేస్తాయి. ఆ తర్వాత తీగ ఎండిపోయి, దుంప మళ్లీ వానల దాకా నేలలో నిద్రపోతుంది. తమిళనాడుకు ఇది రాష్ట్ర పుష్పం, జింబాబ్వేకు జాతీయ పుష్పం.

ఇంత అందం వెనుక ఉన్నది కోల్చిసిన్ అనే విషం. గౌట్ కీళ్లనొప్పికి అదే మందు. గుండెపోటు ముప్పు తగ్గించేందుకు స్వల్ప మోతాదులో వాడటానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో అనుమతించింది. విశేషమేమిటంటే, మొక్కల క్రోమోజోములను రెట్టింపు చేసే ఈ రసాయనంతోనే డేలిల్లీలో దళసరి రేకుల పెద్ద పూల రకాలను సృష్టించారు.

మందు గిరాకీయే ఈ తీగకు ముప్పయింది. జాతీయ ఔషధ మొక్కల బోర్డు ప్రాధాన్య జాబితాలో కలిహారి పేరుతో ఉన్నది ఇదే. తమిళనాడులో రైతులు చేతులతో పరాగ సంపర్కం చేసి మరీ గింజల కోసం సాగు చేస్తున్నారు. నాటేందుకు దుంపలను అడవిలోంచే తవ్వి తెస్తే మాత్రం సాగు పెరిగేకొద్దీ అడవి ఖాళీ అవుతుంది. పెరటికి కూడా ఇదే సూత్రం. తోటలో పెంచినవారి దగ్గర దుంప తీసుకోవాలి. లేదా గింజ వేసి, పూతకు మూడు నాలుగేళ్లు ఓపిక పట్టాలి.

నాటడంలో కష్టమేమీ లేదు. నాగలిలా వంగిన దుంప కొసలోనే మొలక ఉంటుంది. అది విరిగితే ఆ ఏటికి తీగ లేనట్టే. చేతులకు తొడుగులు వేసుకుని, దడి పక్కన, నీరు నిలవని చోట పెట్టాలి.

అసలు జాగ్రత్త వంటింటి దగ్గర. అడవి దుంపలు తవ్వి తినే ప్రాంతంలో దీన్నీ తినే దుంపగా పొరబడవచ్చు. శ్రీలంకలో అలా తిన్నవారు మరణించిన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. వాంతులు, విరేచనాలు కొన్ని గంటల తర్వాత గానీ మొదలుకావు. ఆనక అవయవాలు ఒక్కొక్కటిగా దెబ్బతింటాయి. దీనికి విరుగుడు మందు అందుబాటులో లేదు. అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లడమే దారి.

అందుకే చిన్నపిల్లలు, మేకలు తిరిగే పెరడైతే డేలిల్లీయే మేలు. పిల్లి ఉన్న ఇంటికి మాత్రం అదీ తగదు, దాని మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పశువులు చేరని దడి, దుంపను గుర్తుపట్టగల పెద్దలు ఉన్న ఇంట్లో అగ్నిశిఖకు చోటివ్వవచ్చు. అడవిలో తరిగిపోతున్న తీగ కనీసం ఆ దడి మీదైనా మిగులుతుంది.